పిల్లలకు సువార్త భాగం నేర్పడం ఎలా: సోమవారం నుంచి ఆదివారం దాకా

ఆదివారం తరగతి బాగానే జరిగిందనిపిస్తుంది. పిల్లలు నవ్వారు, పాట పాడారు, రంగులు వేశారు. చర్చి గేటు దగ్గర వాళ్లమ్మ "ఇవాళేం చెప్పార్రా?" అని అడిగితే మాత్రం "పడవ బొమ్మేశాం" అంటారు. ఆ పడవలో ఎవరున్నారో, ఏం జరిగిందో గుర్తుండదు. భాగం ఉండాల్సిన చోట మన బొమ్మలూ మన నీతివాక్యాలూ కూర్చున్నాయని దానర్థం.

ఇది మొదటిసారి తరగతి తీసుకునేవాళ్లకూ, ఏళ్ల తరబడి చెబుతున్నా పిల్లలకు ఏమీ నిలవడం లేదని విసిగినవాళ్లకూ పనికొస్తుంది. ఉదాహరణగా ఒకే భాగం తీసుకుందాం: మార్కు 4:35-41, యేసు తుపానును అణచడం. విశాఖలో ఏ పేటలో చెప్పినా పిల్లలు వెంటనే అందుకునే భాగం ఇది. వెంటనే పొరపాటుగా అందుకునే భాగం కూడా ఇదే. లెక్కలన్నీ 25 మంది పిల్లలు, 40 నిమిషాల సమయం ఉన్నాయనుకుని ఇచ్చినవి.

1. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఒక ఆదివారానికి 5 నుంచి 12 వచనాలు చాలు. అంతకు మించితే చదవడానికే సమయం సరిపోతుంది.

దృశ్యం ఎక్కడ ముగుస్తుందో అక్కడ కత్తిరించాలి. మన భాగం సాయంత్రం ప్రయాణంతో మొదలై, శిష్యులు ఒకరితో ఒకరు "ఈయన ఎవరో" అనుకోవడంతో ముగుస్తుంది. ఏడు వచనాలు. తర్వాతి వచనం నుంచి సమాధుల్లో తిరిగే మనిషి, పందుల మంద వస్తాయి. అది వేరే పాఠం. ఉత్సాహంలో అందులోకి జారిపోతే రెండూ చెడతాయి.

ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) చర్చిలో అయితే ఆ ఆదివారం సువిశేష పఠనం ముందే ఖరారై ఉంటుంది. దాన్నే తీసుకోండి. పూజలో విన్నదే తరగతిలోనూ వింటే పిల్లలకు రెండుసార్లు చెవిన పడినట్టవుతుంది. పఠనం మరీ పొడవుగా ఉంటే అందులోంచి ఒక్క దృశ్యం చాలు.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉన్న తరగతిలో కొన్ని భాగాలు పక్కన పెట్టడమే మంచిది: బేత్లెహేము పసిపిల్లల వధ (మత్తయి 2:16-18), బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించడం (మార్కు 6:14-29). సిలువ భాగం చెప్పాలి గానీ, మేకులూ రక్తమూ వర్ణించనక్కర్లేదు. సువార్తలే ఆ వర్ణన చేయలేదు. "సిలువ వేసిరి" అని ఒక్క మాటలో దాటాయి. మనమూ అక్కడే ఆగాలి.

2. సోమ, మంగళవారాలు: గట్టిగా చదవడం

మొదటి రెండు రోజులు పాఠ్యపుస్తకాలు, యూట్యూబ్ వీడియోలు ముట్టుకోవద్దు. భాగాన్ని పైకి, గట్టిగా, రోజుకు మూడుసార్లు చదవండి. ఏడు వచనాలు చదవడానికి ఒకటిన్నర నిమిషం. మొత్తం కలిపి పది నిమిషాల పని.

చదువుతున్నప్పుడు పెన్సిల్‌తో మూడు రకాల గుర్తులు పెట్టండి:

☐ పిల్లలకు తెలియని మాట కింద గీత
☐ ఎవరైనా మాట్లాడిన చోట నిలువు గీత
☐ మీకే ఆశ్చర్యం అనిపించిన చోట ప్రశ్నార్థకం

మూడోది లేకుండా తరగతికి వెళ్లకండి. మీకే వింతగా తోచనిది పిల్లలకు వింతగా చెప్పలేరు.

తర్వాత అదే సంఘటన మిగతా సువార్తల్లో ఉందేమో చూడండి. ఇది మత్తయి 8:23-27లోనూ, లూకా 8:22-25లోనూ ఉంది. చదవాల్సింది తేడాలు తెలుసుకోవడానికి, కలిపేయడానికి కాదు. మార్కులో యేసు ముందు గాలిని గద్దించి, ఆ తర్వాత శిష్యులను "మీరెందుకు భయపడుచున్నారు?" అని అడుగుతాడు. మత్తయిలో ముందు శిష్యులతో మాట్లాడి, ఆ తర్వాత గాలిని గద్దిస్తాడు. తలగడ సంగతి మార్కు ఒక్కడే చెప్పాడు. వెంట వేరే దోనెలు వచ్చాయన్నదీ అతనే. మూడూ కలిపి ఒక కథ అల్లేస్తే, రేపు బైబిలు తెరిచి చూసిన పిల్లవాడు "టీచర్, మీరు చెప్పింది ఇందులో లేదు" అంటాడు. అనాలి కూడా.

విన్న కథలు భాగంలోకి దూరిపోవడం ఈ పనిలో అందరికీ ఎదురయ్యేదే. క్రిస్మస్ నాటకాల పుణ్యమా అని తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురైపోయారు. మత్తయి 2లో సంఖ్య లేదు, ఉన్నవి మూడు కానుకలు. వాళ్లు వచ్చింది పశువుల పాకకు కాదు, "ఇంటి"కి. ఐదు రొట్టెలు తెచ్చిన చిన్నవాడు నాలుగు సువార్తల్లో యోహాను 6:9లో మాత్రమే కనిపిస్తాడు. మార్కులోంచి ఆ పాఠం చెబుతూ ఆ పిల్లవాణ్ణి నడిపించుకొస్తే అది మార్కు చెప్పినది కాదు.

3. బుధవారం: పాత తెలుగును దాటించడం

ఇక్కడ కాస్త ఎక్కువ సమయం పెట్టండి. చాలా చర్చిల్లో చదివేది గ్రాంథిక తెలుగు. తరగతిలో సగం మంది ఇంగ్లీషు మీడియం పిల్లలు. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం కూడబలుక్కుంటూ చదువుతారు. గడగడా మాట్లాడే పిల్లవాడు "నశించిపోవుచున్నాము" దగ్గర ఆగిపోతాడు.

మాట మార్చి చదవడం ఒక దారి, మాట నేర్పి చదవడం ఇంకో దారి. రెండోదే మేలు. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో, మందిరంలో ఆ పిల్లలు వినబోయేది ఆ మాటలే. అయితే ఒక ఆదివారానికి ఆరు మాటలకు మించొద్దు.

మన భాగానికి ఆ ఆరు ఇవి:

అద్దరి: అవతలి ఒడ్డు, అవతలి గట్టు.
దోనె: చిన్న పడవ.
అమరము: పడవ వెనక భాగం. ముందు భాగం అణియం. జాలరి కుటుంబాల పిల్లలు ఉంటే ముందు వాళ్లనే అడగండి. ఇంట్లో ఏ మాట వాడతారో చెబుతారు, మీరే కొత్త మాట నేర్చుకుంటారు.
గద్దించి: గట్టిగా మందలించి. "నోర్ముయ్" అని అమ్మ ఒక్క మాట అంటే ఇల్లంతా ఆగిపోయినట్టు.
నిమ్మళము: అలజడి అంతా పోయి కుదురుకోవడం. జ్వరం తగ్గిన బిడ్డను చూసి నానమ్మలు "నిమ్మళించింది" అంటారు, గుర్తుచేయండి.
లోబడుట: మాట వినడం.

ఆరు మాటలనూ ఆరు కాగితాల మీద, ఒక్కో అక్షరం కనీసం మూడు అంగుళాల ఎత్తు ఉండేలా రాయండి. వెనక వరసకు కనబడాలి.

ఒక్క మాట విషయంలో మాత్రం ప్రత్యేక జాగ్రత్త కావాలి: "సముద్రము". విశాఖ పిల్లవాడికి సముద్రం అంటే బంగాళాఖాతం. ఉప్పునీళ్లు, అవతలి ఒడ్డే లేదు, దూరంగా ఓడలు. గలిలయ సముద్రము నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు ఎంత దూరమో అంతకన్నా కాస్త తక్కువ పొడవు. అవతలి గట్టు కంటికి కనిపిస్తుంది. ముడసర్లోవ రిజర్వాయరు చూసిన పిల్లలుంటే, "అలాంటిదే, కానీ చాలా చాలా పెద్దది" అనండి. ఈ సంగతి చెప్పకపోతే "అద్దరికి పోవుదము" అన్న మాట వాళ్లకు అర్థం కాదు. మన సముద్రంలో అద్దరి ఎక్కడుంది?

చెరువులో తుపానేంటి అని పెద్ద పిల్లలు అడుగుతారు. ఆ సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా లోతున, చుట్టూ ఎత్తయిన నేల మధ్య గిన్నెలా ఉంటుంది. పైనుంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దూకితే నీళ్లు అల్లకల్లోలమవుతాయి. మన తుపానులా మూడు రోజుల ముందు హెచ్చరిక, పోర్టులో ప్రమాద సూచిక ఎగరడం ఉండవు. ఉన్నట్టుండి వస్తుంది.

4. గురువారం: ఒక్క ప్రశ్న పట్టుకోవడం

పాఠం మొత్తానికి ఒకే ప్రశ్న ఉండాలి, అది భాగంలోంచే రావాలి. మన ఏడు వచనాల్లో అది చివర సిద్ధంగా ఉంది: "ఈయన ఎవరో".

తుపాను వచ్చినప్పుడు శిష్యులు భయపడ్డారు. అది అందరికీ తెలుసు. గాలి అణగి, నీళ్లు నిమ్మళమయ్యాక వాళ్లు "మిక్కిలి భయపడి" అని రాసి ఉంది. ప్రమాదం పోయాక భయం పెరిగింది! ఎందుకు? పాఠం అంతా ఈ ముడి చుట్టూనే తిరగాలి. దీన్ని మీరు విప్పేయొద్దు. పిల్లల ముందు పెట్టండి.

సాధారణంగా ఈ భాగం మీద చెప్పే నీతి ఇంకొకటి ఉంది: "మనకు కష్టాలనే తుపాను వస్తే యేసయ్య ఆపేస్తాడు." వినడానికి బాగుంటుంది. కానీ ఈ ఊళ్లో ఆ మాట అనే ముందు ఆలోచించాలి. మీ ఎదురుగా కూర్చున్నవాళ్లలో జాలరిపేట పిల్లలు ఉండొచ్చు. వేటకెళ్లి తిరిగిరాని చిన్నాన్న, మావయ్య వాళ్ల ఇళ్లల్లో ఉండొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ప్రార్థన చేసినవాళ్ల ఇళ్ల రేకులూ ఎగిరిపోయాయి. "నమ్మితే పడవ మునగదు" అంటే, మునిగిన పడవలో వాళ్ల మావయ్యకు నమ్మకం లేదన్నట్టే. భాగం అలా అనడం లేదు. మీరూ అనకండి.

ఒక బిడ్డ లేచి "మరి మా మావయ్య పడవ ఎందుకు మునిగిపోయింది?" అని అడిగితే జవాబు తయారుచేసి చెప్పొద్దు. "నాకు తెలీదమ్మా. ఈ శిష్యులు కూడా 'నీకు చింతలేదా' అని ఆయన్నే అడిగారు. అడగొచ్చు" అనండి. తరగతి అయ్యాక ఆ బిడ్డ పక్కన కూర్చోండి. ఇంటివాళ్లతో, పాస్టరు గారితో మాట్లాడండి.

5. శుక్ర, శనివారాలు: సామాను

☐ నైలాన్ తాడు 18 మీటర్లు
☐ నీలం రంగు పలుచని గుడ్డ 5 మీటర్లు (లైనింగు గుడ్డ చాలు, చీర కూడా పనికొస్తుంది)
☐ ఒక తలగడ
☐ మాటల కాగితాలు 6
☐ చార్టు 1, లావు స్కెచ్ పెన్నులు 2
☐ సగం ఏ4 కాగితాలు 30, పెన్సిళ్లు 25
☐ తాడు అంటించడానికి బ్రౌన్ టేపు

తాడు ఎందుకంటే, నేల మీద పడవ గీయడానికి. 1986లో గలిలయ సరస్సు ఒడ్డున బురదలో సుమారు రెండువేల ఏళ్ల నాటి పడవ దొరికింది. పొడవు 8.2 మీటర్లు, వెడల్పు 2.3 మీటర్లు. 18 మీటర్ల తాడును రెండు కొసలూ సన్నగా ఉండేలా పరిస్తే సరిగ్గా అంత పడవ వస్తుంది. పదమూడు మందిని అందులో కూర్చోబెట్టండి. ఎంత ఇరుకో, ఒకరు పడుకుంటే మిగతావాళ్లు ఎలా సర్దుకోవాలో మాటలతో చెప్పనక్కర్లేదు. ఆ దోనెలో ఎందరున్నారో మార్కు చెప్పలేదు. పదమూడు అన్నది మన అంచనా, పిల్లలతో అలాగే చెప్పండి. గది చిన్నదైతే కొలతలు సగం చేసి 9 మీటర్ల తాడు వాడండి, నలుగురైదుగురితో సరిపెట్టండి.

నీళ్లు చల్లే సీసా వద్దు. టైల్స్ మీద నీటిచుక్క పడిందంటే జారిపడే పిల్లవాడు తప్పకుండా ఉంటాడు.

సముద్రం పక్కనే కదా, బీచ్‌లో పాఠం పెడదామన్న ఆలోచన ప్రతి ఏడాదీ ఎవరికో ఒకరికి వస్తుంది. గాలికి గొంతు వినబడదు, పిల్లల కళ్లు బజ్జీల బండి మీద, కాళ్లు నీళ్ల వైపు. ఇక్కడి కెరటాల లాగుడు తెలిసినవాళ్లెవరూ 25 మంది పిల్లలను ఇద్దరు టీచర్లతో ఒడ్డుకు తీసుకెళ్లరు.

వేసవి బైబిలు పాఠశాలలో ఈ భాగం చెబుతుంటే ఒక మంచి అవకాశం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్ల వాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు. సంఘంలో వేటకెళ్లే పెద్దాయన ఉంటే పది నిమిషాలు రమ్మని అడగండి. బోటులోకి నీళ్లు వస్తే ముందు ఏం చేస్తారు, రాత్రి గాలి మారితే ఎలా తెలుస్తుంది, ఈ రెండే అడగండి. ప్రసంగం చేయమని అడగకండి.

6. ఆదివారం: 40 నిమిషాల వరస

వరస మారిస్తే పాఠం మారుతుంది. బొమ్మలు వేయడం ముందు పెడితే చదివేటప్పుడు అందరి తలలూ కాగితంలోనే ఉంటాయి.

*కూర్చోవడం, 4 నిమిషాలు.* అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. ఫ్యాన్ కింద మీరు నిలబడొద్దు, మాట తెగిపోతుంది. రేకుల షెడ్డయితే గోడకు వీపు పెట్టి నిలబడండి. ఒక పాట చాలు.

*మాటలు, 4 నిమిషాలు.* ఆరు కాగితాలూ ఒక్కొక్కటిగా చూపించి, పలికించి, అర్థం చెప్పించి గోడకు అంటించండి.

*మొదటి చదువు, 3 నిమిషాలు.* బైబిళ్లు మూసి వినమనండి. మీరు నెమ్మదిగా, నాటకం చేయకుండా చదవండి. గోడ మీద ఉన్న మాట వినపడగానే వేలెత్తమనండి. చెవి నిలబెట్టడానికి ఆ ఒక్క పని చాలు.

*పడవ, 10 నిమిషాలు.* తాడు పడవలో కొందరు కూర్చుంటారు. చుట్టూ కొందరు గుడ్డ పట్టుకుని ఊపుతారు. మిగతావాళ్లు తుపాను శబ్దం: ముందు అరచేతులు రుద్దడం, తర్వాత వేళ్లతో చిటికెలు, తర్వాత తొడల మీద దరువు. యేసు వేషం ఎవరికీ వద్దు. వేసిన పిల్లవాడు సిగ్గుతో నవ్వుతాడు, తరగతంతా నవ్వుతుంది. అమరంలో తలగడ పెట్టండి. ఆయన మాటలు మీరు పుస్తకంలోంచి చదవండి.

శిష్యుల మాట అందరూ కలిసి చెప్పాలి: "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" దీన్ని ప్రార్థనలా రాగం తీయనివ్వకండి. అది నిష్ఠూరం. నిద్రపోతున్న నాన్నను కుదిపి లేపినట్టు అనాలి.

అసలు మెళకువ శబ్దం ఆగడంలో ఉంది. "నిశ్శబ్దమై ఊరకుండుము" అనగానే గుడ్డ, చేతులు, నోళ్లు ఒక్కసారిగా ఆగాలి. ముందే రెండుసార్లు సాధన చేయించండి. అందరూ ఆగాక పదిహేను సెకన్లు మీరూ మాట్లాడకండి. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు మీద ఆటో వినిపిస్తుంది. ఆ పదిహేను సెకన్లే ఈ పాఠం. అది మింగేసి "ఇప్పుడు చూశారా పిల్లలూ" అని మొదలుపెడితే పది నిమిషాల కష్టమూ పోయినట్టే.

ఆ నిశ్శబ్దంలోంచే 40, 41 వచనాలు చదవండి.

*ప్రశ్నలు, 10 నిమిషాలు.* రెండు రకాలు, ఇదే వరసలో.

ముందు పుస్తకం చూసి చెప్పేవి: అది ఏ పూట? "పోవుదము" అన్నది ఎవరు? వాళ్ల పడవ ఒక్కటేనా? తలగడ ఎక్కడుంది? గాలి ఆగాక వాళ్లు ఎలా ఉన్నారు?

తర్వాత ఆలోచించేవి: అంత హోరులో ఆయనకు నిద్ర ఎలా పట్టింది? మిగతా దోనెల్లో ఉన్నవాళ్లకు ఏమి కనిపించి ఉంటుంది? తుపాను పోయాక కూడా ఎందుకు భయం?

ప్రశ్న అడిగాక లోపల ఏడు దాకా లెక్కపెట్టండి. మూడు దగ్గరే నోరు తెరవాలనిపిస్తుంది, ఆపుకోండి. చెయ్యెత్తే ఆ ఇద్దరు ముగ్గురే ప్రతిసారీ చెబుతుంటే, "పక్కవాళ్లతో గుసగుసగా అనుకోండి, తర్వాత వాళ్లు ఏమన్నారో మీరు చెప్పండి" అనండి. మాట్లాడని పిల్లల మాట ఇంకొకరి నోట బయటికొస్తుంది.

"అవునా కాదా" ప్రశ్నలు వద్దు. "యేసు గొప్పవాడా కాదా?" అంటే "అవు...ను" అని రాగం వస్తుంది, అంతే.

*రెండో చదువు, కంఠతా వాక్యం, 5 నిమిషాలు.* ఇప్పుడు బైబిళ్లు తెరిపించండి. చదవగలిగినవాళ్లు తలా ఒక వచనం. చదవలేని పిల్లవాణ్ణి అందరి ముందు నిలబెట్టొద్దు, వచ్చే వారం రాడు. కంఠతాకు వచనం మొత్తం అక్కర్లేదు. "గాలియు సముద్రమును ఈయనకు లోబడుచున్నవి" చాలు. చార్టు మీద రాసి, ఒక్కో మాటా కాగితంతో మూస్తూ నాలుగుసార్లు చెప్పించండి. చాక్లెట్ పెట్టారంటే వచ్చే వారం నుంచి చాక్లెట్ లేనిదే వాక్యం రాదు.

*కాగితం, 4 నిమిషాలు.* పడవ బొమ్మ రంగులు కాదు. "పడవలో నేనెక్కడ కూర్చుని ఉండేవాణ్ణి?" అని ఒక చుక్క పెట్టి, ఆ క్షణంలో తాను అనే ఒక్క మాట రాయమనండి. చిన్నపిల్లలు చెబితే మీరు రాయండి. ఈ కాగితాలు దాచండి, ఎందుకో తర్వాత చూద్దాం.

7. ఒకే గదిలో నాలుగేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉంటే

పడవ దాకా అందరినీ కలిపే నడపండి. ప్రశ్నల దగ్గర విడదీయండి. ఆరేళ్ల లోపు వాళ్లను ఒక సహాయకురాలు మూలకు తీసుకెళ్లి గుడ్డ, తలగడలతో కథ మళ్లీ ఆడిస్తే చాలు. వాళ్లకు ప్రశ్నలక్కర్లేదు, మళ్లీ మళ్లీ కావాలి. పన్నెండు దాటినవాళ్లకు మత్తయి, లూకా భాగాలు ఇచ్చి మూడు తేడాలు పట్టుకురమ్మనండి. ఆ వయసువాళ్లను గుడ్డ ఊపమంటే ముఖం మాడ్చుకుంటారు. శబ్దం నడిపించే పెత్తనం ఇస్తే మాత్రం ఉత్సాహంగా చేస్తారు.

8. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిదిద్దాలి

*అన్ని ప్రశ్నలకూ జవాబు "యేసయ్యే".* ప్రశ్న మరీ తేలిగ్గా ఉంది. "ఏ వచనంలో ఉంది, వేలు పెట్టి చూపించు" అనండి.

*తుపాను శబ్దం ఆగలేదు, గోల అయింది.* సాధన తక్కువైంది. మళ్లీ అరవకండి. చెయ్యెత్తి నిలబడండి, ఆగాక ఆ వచనం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

*కరెంటు పోయింది.* మే నెలలో ఉక్కకు పిల్లలు పది నిమిషాల్లో వాడిపోతారు. కాగితం పని తీసేసి, ప్రశ్నలు మూడుకు తగ్గించండి. పడవ, నిశ్శబ్దం, రెండో చదువు మాత్రం తీసేయొద్దు.

*ఆరాధన పొడిగించారు, ఇంకో ఇరవై నిమిషాలు పిల్లలను పట్టుకోవాలి.* కొత్త కథ ఎత్తుకోవద్దు. పడవలో కూర్చున్నవాళ్లనూ గుడ్డ పట్టుకున్నవాళ్లనూ మార్చి ఇదే మళ్లీ ఆడించండి. రెండోసారి బాగా వస్తుంది.

*ఒక బిడ్డ నిజంగా భయపడి ఏడ్చింది.* శబ్దం ఆపండి, సహాయకురాలి ఒళ్లో కూర్చోబెట్టండి. "ఏడవకూడదు, యేసయ్య ఉన్నాడుగా" అనొద్దు. శిష్యులే భయపడ్డారు.

9. ఇదే పద్ధతి వేరే భాగాలకు

*విత్తువాడు (మత్తయి 13:1-9, 18-23).* నాలుగు ట్రేలు. తొక్కి గట్టిపరచిన మట్టి, రాళ్ల మీద ఒక సెంటీమీటరు మట్టి, ముళ్ల కొమ్మలు గుచ్చిన మట్టి, నాలుగంగుళాల మంచి మట్టి. పెసలు చల్లి రోజూ అంతే నీళ్లు పోస్తే వారానికి తేడా కళ్లకు కడుతుంది. అందుకని ఇది రెండు ఆదివారాల పాఠం. మట్టి ఎర్రమట్టి దిబ్బల నుంచి తేవద్దు, అది రక్షిత స్థలం. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, "నువ్వు ఏ నేల?" అని పిల్లలను అడగడంలో. అల్లరి పిల్లవాడిని అందరూ "ముళ్ల పొద" అంటారు, ఆ పేరు ఏడాది పోదు.

*మంచి సమరయుడు (లూకా 10:25-37).* యెరూషలేము నుంచి యెరికోకు సుమారు 27 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల దిగుడు. అరకు ఘాట్ దిగినట్టు దిగే, మనుషులు లేని దారి అనండి. "పూటకూళ్లవాడు" (సత్రం నడిపేవాడు) అన్న మాటకు అర్థం చెప్పాలి. దేనారము ఒక రోజు కూలి, కాబట్టి రెండు దేనారములు రెండు రోజుల కూలి. మీ పేటలో రోజు కూలి ఎంతో పిల్లలనే అడిగి లెక్క కట్టించండి. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని (యోహాను 4:9) ముందే చెప్పకపోతే కథకు పదును ఉండదు. దానికి పోలికగా మన ఊళ్లో ఒక కులాన్నో మతాన్నో పేరు పెట్టి చూపించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

10. తరగతి అయ్యాక

గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తెరిచే ఉండాలి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు తల్లిదండ్రులను అడగాలి. వేసవిలో పక్కిళ్ల పిల్లలు కూడా వస్తారు. ఏం చెబుతున్నారో వాళ్ల అమ్మానాన్నలకు ముందే చెప్పి, సరేనన్నాకే కూర్చోబెట్టండి. ఆ పిల్లల చేత తీర్మానాలు చేయించడం, చేతులెత్తించడం పెట్టుకోవద్దు.

తల్లిదండ్రులకు మూడు లైన్ల సందేశం పంపండి: భాగం ఏది, ఏ ఆరు మాటలు నేర్చుకున్నారు, ఇంట్లో అడగాల్సిన ఒక్క ప్రశ్న. "తుపాను పోయాక ఎందుకు భయపడ్డారు?" అన్నదే ఆ ప్రశ్న.

దాచిన కాగితాలు సోమవారం చదవండి. అమరం దగ్గర, తలగడ పక్కన చుక్క పెట్టినవాళ్లెవరో, పడవ బయట నీళ్లలో చుక్క పెట్టినవాళ్లెవరో చూడండి. బయట పెట్టినవాళ్లతో వచ్చే వారం తరగతి ముందు ఐదు నిమిషాలు మాట్లాడండి. కాగితం సంగతి ఎత్తకుండా, ఊరికే, "ఏం నాన్నా, బడి ఎలా ఉంది" అని.

వచ్చే వారానికి పిల్లలు చిన్నవాళ్లయితే పందుల భాగం దాటించి యాయీరు కుమార్తె దగ్గరికి వెళ్లండి: మార్కు 5:21-24, 35-43. మధ్యలో వచ్చే స్త్రీ సంగతి మరో ఆదివారానికి ఉంచండి. ఆ అమ్మాయికి పన్నెండేళ్లు. "తలీతాకుమీ" అన్న మాటకు అర్థం అదే వచనంలో ఉంది కాబట్టి ఈసారి గోడ మీద ఐదు కాగితాలు చాలు. చివర ఆయన ఆమెకు తిండి పెట్టమంటాడు. సామాను చీటీలో ఒక రొట్టె రాసుకోండి.